ఎముక కణానికి బంగారు రంగు కనబడదు

కొద్ది నెలల క్రితం ఒక సోమవారం ఉదయం మా ఎముకల విభాగం ఓ.పి.కి గోదావరి లంక గ్రామం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వయసు అరవై నాలుగు. మోకాళ్లు రెండూ విల్లులా బయటికి వంగిపోయాయి. తలుపు దగ్గర నుంచి నా బల్ల దాకా నాలుగడుగులు వేయడానికి కూతురి భుజం పట్టుకోవలసి వచ్చింది. కూతురి చేతిలో నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం ఒకటి ఉంది. దాని మీద బంగారంలా మెరిసే కృత్రిమ మోకాలి కీలు బొమ్మ, కింద తెలుగులోనే పెద్ద అక్షరాలతో 'జీవితాంతం మన్నిక, మీ ఎముకలో కలిసిపోతుంది' అని అచ్చు.

"డాక్టరు గారండీ, ఈ బంగారు మోకాలు మీ దగ్గర వేస్తారాండీ? రెండు కాళ్లకీ కలిపి చాలా అవుద్దన్నారండి. కొబ్బరి తోట అరెకరం బేరం పెట్టామండి" అంది కూతురు. తల్లి ఆ కాగితం వైపు కూడా చూడకుండా, "బంగారమైతే ఎముక్కి పడుద్దా బాబూ?" అని అడిగింది.

తల్లి అడిగిందే అసలు ప్రశ్న. ఇరవై ఏళ్ల క్రితం నన్ను ఎవరైనా ఇలా అడిగితే, ఖరీదైనదే మంచిదమ్మా, వీలైతే అదే వేయించుకోండి అని ఉండేవాణ్ణి. అన్నాను కూడా. ఆ మాట వల్ల ఒకరికి జరిగిన నష్టం కింద చెబుతాను. ప్రియ పాఠకులారా, లోహం మీద వేసే పూతకు ఎముక కణాలు నిజంగానే స్పందిస్తాయి, అందులో సందేహం లేదు. అయితే అవి స్పందించే తీరు ఆ కాగితంలో రాసినట్టు ఉండదు. పూత పేరు చెప్పి పేద కుటుంబం చేత పొలం అమ్మించడం తప్పని నా అభిప్రాయం. ఆ తప్పులో అమ్మేవారితో పాటు, విషయం తెలిసీ నోరు విప్పని వైద్యులకూ వాటా ఉంది.

ఎముకను చాలామంది ఇంటి దూలం లాంటి ప్రాణం లేని వస్తువనుకుంటారు. ఎముకలో రోజూ పని జరుగుతూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగించి తీసేస్తుంటే, ఆస్టియోబ్లాస్టులనే కణాలు ఆ చోట కొత్త ఎముకను కడుతుంటాయి. ఒకవైపు పాత గోడ పడగొట్టే కూలీలు, మరోవైపు కొత్త గోడ లేపే తాపీ మేస్త్రీలు అనుకోండి. మనం ఎముకను తొలిచి అందులో లోహాన్ని దించినప్పుడు ఈ మేస్త్రీలు వెంటనే వచ్చి లోహాన్ని పట్టుకోరు. ముందు దానికి తగిలేది రక్తం. క్షణాల్లో రక్తంలోని ప్రొటీన్లు లోహం మీద కంటికి కనబడనంత పల్చటి పొరగా అంటుకుంటాయి. కణాలు వచ్చేది ఆ తర్వాత. కణం పైపొర మీద ఇంటెగ్రిన్లనే చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి. అవి తగులుకునేది ఆ ప్రొటీన్ పొరకే. ఫైబ్రోనెక్టిన్ అనే పెద్ద ప్రొటీన్‌లో కణం పట్టుకునే చోటు కొద్ది అమైనో ఆమ్లాల చిన్న ముక్క మాత్రమేనని పీర్ష్‌బాకర్, రూస్లాటి అనే శాస్త్రవేత్తలు 1984లో చూపారు. అంటే కణం లోహాన్ని నేరుగా ఎన్నడూ చూడదు. ఏ ప్రొటీన్లు ఎంత గట్టిగా, ఏ తీరులో అంటుకోవాలో నిర్ణయించడమే పూత చేసే మొదటి పని. రంగుతో కణానికి పనే లేదు.

అన్నిటికంటే పాత పూత ఒకటుంది. దానికి ఎవరూ బిల్లు వేయరు. టైటానియానికి గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర తనంతట తాను ఏర్పడుతుంది. ఎముకకు టైటానియం అంతగా పడడానికి ఈ పొర ముఖ్యమైన కారణం. ఈ సంగతి బయటపడింది కూడా అనుకోకుండానే. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రొనెమార్క్ 1950లలో కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని టైటానియంతో చేసిన పరికరం అమర్చాడు. పరీక్ష ముగిశాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965 నాటికి ఆయన అదే లోహాన్ని మనిషి దవడలో కట్టుడుపళ్ల వేరుగా దించాడు. టైటానియం అంటే ఎక్కడో విదేశాల్లో దొరికే అపురూపమైన పదార్థం అనుకునేవారికి ఒక మాట. దాని ఖనిజం ఇల్మెనైట్ మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనే ఉంది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిధానీ సంస్థ టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తుంది.

తర్వాత వచ్చింది హైడ్రాక్సీఅపటైట్ పూత. పలకడానికి కష్టమైనా పదార్థం మనకు కొత్తది కాదు. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజానికి ఇది దగ్గరి చుట్టం, ఒక రకం కాల్షియం ఫాస్ఫేటు. దాని పొడిని విపరీతమైన వేడితో కరిగించి లోహం మీద చిమ్ముతారు. మందం సాధారణంగా 50 నుంచి 150 మైక్రాన్లు. లండన్‌లో ఫర్లాంగ్ అనే సర్జన్ 1985లో ఈ పూత ఉన్న తుంటి కీలును మొదటిసారి మనిషికి అమర్చాడు. ఈ పూత ఒంట్లోకి వెళ్లాక కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగిన కాల్షియం, ఫాస్ఫేటు మళ్లీ పైన సన్నటి స్ఫటికాలుగా పేరుకుంటాయి. ఆ స్ఫటికాలకు ప్రొటీన్లు బాగా పట్టుకుంటాయి, వాటిని ఆసరా చేసుకుని కట్టే కణాలు నేరుగా పూత మీదే ఎముక వేస్తాయి. మధ్యలో పీచు పొర రాదు. ఎముకకూ లోహానికీ నడుమ ఒక మిల్లీమీటరు దాకా సందు మిగిలినా ఈ పూత ఉంటే ఎముక దాన్ని పూడ్చుకోగలదని జంతువులపై చేసిన పరీక్షల్లో తేలింది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు.

పూత దేనితో చేశారన్నది ఎంత ముఖ్యమో అది ఎంత గరుకుగా ఉందన్నదీ అంత ముఖ్యమే. నున్నటి కాంక్రీటు గోడ మీద ప్లాస్టరింగ్ నిలవదని మేస్త్రీ ముందు దానిమీద గాట్లు కొడతాడు. ఎముక విషయంలోనూ గరుకుతనం పట్టునిస్తుంది. అయితే అంతటితో ఆగదు, కణం నడవడికే మారిపోతుంది. అమెరికాలో బార్బరా బోయన్, ష్వార్ట్జ్‌ల బృందం 1990లలో చేసిన పరీక్షల్లో ఒక వింత కనబడింది. నున్నటి టైటానియం మీద కణాలు బాగా పిల్లలు పెట్టి గుంపులు గుంపులుగా పెరిగాయి. గరుకు టైటానియం మీద సంఖ్య తగ్గింది, ఉన్న కణాలు మాత్రం త్వరగా ఎదిగి ఎముక కట్టే పనిలో పడ్డాయి. ఆ పనికి గుర్తుగా కణాలు విడుదల చేసే ఆస్టియోకాల్సిన్ వంటి పదార్థాలు పెరిగాయి. మా ఊళ్లో ఒక మేస్త్రీ ఉన్నాడు. పదిమంది కూలీలు చెట్టు కింద కూర్చునే కన్నా ఇద్దరు గోడ దగ్గర ఉంటే చాలంటాడు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కంపెనీల తరఫున మా దగ్గరకు వచ్చేవారు చూపించే ఫొటోల్లో ఎక్కువ భాగం గాజు పళ్లెంలో కణాలు కిక్కిరిసి పెరిగిన ఫొటోలే. చూడండి సార్, మా పూత మీద ఎన్ని కణాలు పట్టాయో అంటారు. నిజమే, పట్టాయి. అయితే ఆ పళ్లెంలో శరీరం బరువు లేదు. షుగరు లేదు. చుట్ట పొగ లేదు. సూక్ష్మక్రిమి లేదు. రోగి మూడోరోజున తొందరపడి స్నానాల గదికి ఒక్కడే నడిచి వెళ్లడం లేదు. పళ్లెంలో కణం చూపిన ఉత్సాహం తొడ ఎముకలో పదేళ్లు నిలిచే మన్నికకు హామీ అవ్వదు. ఆ రెంటికీ మధ్య చాలా దూరముంది.

ఆ దూరంలో మొదటి మజిలీ కదలిక. మా ప్రాంతంలో అంటు కట్టడం తెలియనివారు తక్కువ. కడియం నర్సరీల్లో మామిడి అంటు కట్టేవారిని చూడండి. కొమ్మకు కొమ్మ ఆనించి ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండా బిగించి కడతారు. రెండూ ఎంత మంచి జాతులైనా, కట్టు వదులై గాలికి ఊగితే అంటు పట్టదు. ఎముకా అంతే. తొలి వారాల్లో లోహానికీ ఎముకకీ మధ్య కదలిక సుమారు 40 మైక్రాన్ల లోపు ఉంటే కణాలు లోహపు గరుకు సందుల్లోకి ఎముకను అల్లుకుంటాయి. అది 150 మైక్రాన్లు దాటితే, అంటే సుమారు రెండు తలవెంట్రుకల మందం దాటితే, ఎముక బదులు మెత్తటి పీచు పేరుకుంటుంది. పీచు బరువు మోయలేదు. డెన్మార్క్‌లో సోబాలె అనే సర్జన్ 1990ల మొదట్లో కుక్కలపై చేసిన పరీక్షల్లో, కొంత కదిలే ఇంప్లాంటు చుట్టూ చేరిన పీచును కూడా హైడ్రాక్సీఅపటైట్ పూత క్రమంగా ఎముకగా మార్పించగలిగింది. కనుక మంచి పూత కొంత కదలికను ఓర్చుకుంటుంది. ఊగే స్తంభాన్ని మాత్రం అది నిలబెట్టలేదు.

ఇక నా తప్పు సంగతి. చాలా ఏళ్ల క్రితం, నేను వేరే చోట పనిచేస్తున్నప్పుడు, డెబ్భై ఎనిమిదేళ్ల ఒక వృద్ధురాలికి తుంటి విరిగింది. ఎక్స్‌రేలో తొడ ఎముక గోడలు కాగితంలా పల్చబడి, లోపలి గొట్టం వెడల్పుగా కనబడుతూనే ఉంది. అటువంటి ఎముకకు సిమెంటుతో పెట్టే కాడ సరిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ అప్పుడు కొత్తగా వచ్చిన పూత కాడ మీద నాకు మోజు. వాళ్లబ్బాయితో, పూత ఉన్నది ఎముకలో కలిసిపోతుందయ్యా, అదే వేద్దాం అన్నాను. ఆయన అప్పు చేసి డబ్బు తెచ్చాడు. ఆపరేషన్ బల్ల మీద కాడ దించినప్పుడు నా చేతికి అది పూర్తిగా బిగియలేదని తెలుస్తూనే ఉంది. పూత ఉంది కదా, అదే పట్టుకుంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడమే తప్పు.

ఆమెకు మూడు నెలలైనా తొడ నొప్పి తగ్గలేదు. ఏడాదికి ఎక్స్‌రేలో కాడ చుట్టూ నల్లటి గీత వచ్చింది, కాడ కాస్త కిందికి దిగింది. రెండోసారి తెరిచినప్పుడు సుత్తి అవసరం రాలేదు. చేత్తో లాగితే వచ్చేసింది. చుట్టూ తెల్లటి పీచు, పూత చాలాచోట్ల కనబడకుండా పోయింది. శుభ్రం చేసి సిమెంటుతో వేరే కాడ పెట్టాం. ఆమె మళ్లీ నడిచింది. రెండు ఆపరేషన్ల అప్పు మాత్రం ఆ అబ్బాయి నెత్తిన పడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నా అనుభవం ఒక్కటే చూపి పూతలన్నీ దండగ అంటే అదీ అన్యాయమే. పెద్ద లెక్కలు చూడాలి. స్వీడన్‌లో తుంటి కీలు మార్పిడి ఆపరేషన్లను 1979 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్టరులో రాస్తున్నారు. ఎవరికి ఏ కీలు పెట్టారు, ఎన్నేళ్లకు మార్చవలసి వచ్చింది అనేది అందులో ఉంటుంది. ఆ రికార్డులను తీసి 2010లో ఒకసారి, 2011లో మరోసారి పరిశోధకులు హైడ్రాక్సీఅపటైట్ పూత ఉన్నవాటినీ లేనివాటినీ పోల్చారు. తొడలో దించే కాడకు ఆ పూత వల్ల అదనపు మన్నిక కనబడలేదు. తుంటి గిన్నె విషయంలో అయితే పూత ఉన్నవాటికే మళ్లీ మార్చే ప్రమాదం ఎక్కువని తేలింది. పోల్చిన మిగతావి నున్నటి లోహాలు కావు, గరుకుగా చేసిన టైటానియమే అన్నది గుర్తుంచుకోవాలి. బిగింపు బాగా కుదిరిన చోట ఆ గరుకు టైటానియం ఒక్కటే చాలా పని చేసేస్తోందన్నమాట. వృద్ధుల్లో సిమెంటు కాడలకే చుట్టూ ఎముక విరగడం తక్కువ అని పలు దేశాల రిజిస్టర్లు చెబుతున్నాయి. మన దగ్గర కూడా ప్రతి ఆసుపత్రీ నిజాయితీగా రాసే అటువంటి పుస్తకం ఉంటే నేను ఈ వ్యాసాన్ని ఇంత పొడుగు రాయనక్కర్లేదు.

పూత గిన్నెకు ఎందుకు ఎదురుతిరగవచ్చో కణాల భాషలోనే చెప్పవచ్చు. రాలిపోయిన రేణువులను ఒంటి కాపలా కణాలు మింగుతాయి. మింగినవి జీర్ణం కాక చికాకుపడి, ఎముకను కూల్చే కణాలను పిలుస్తాయి. కీలు చుట్టూ ఎముక కరిగిపోతుంది. ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడైన ఇంగ్లండు సర్జన్ జాన్ చార్న్‌లీ ఈ పాఠాన్ని కష్టంగా నేర్చుకున్నాడు. ఆయన మొదట వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది ఏళ్లకే అరిగి, ఆ పొడి చుట్టూ ఎముకను తినేసింది. టెఫ్లాన్‌ను తన తొడ కండలోనే పెట్టించుకుని ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూసుకున్న మనిషి ఆయన. 1962 నుంచి పాలిథిలీన్ గిన్నెకు మారాడు. తన పొరపాటును దాచకుండా ప్రకటించాడు. మా వృత్తిలో ఆ రెండో పని మొదటిదానికన్నా అరుదు.

ఇప్పుడు బంగారు మోకాలి దగ్గరకు వద్దాం. అందులో బంగారం లేదు. ఆ మెరుపు టైటానియం నైట్రైడ్ లేదా టైటానియం నియోబియం నైట్రైడ్ అనే గట్టి పూతది. కింద ఉన్న లోహం నుంచి కోబాల్టు, క్రోమియం, నికెల్ ఒంట్లోకి తక్కువగా వెలువడాలని, రాపిడికి గీతలు పడకూడదని దాన్ని వేస్తారు. నికెల్ పడనివారు కొందరున్నారు. గిల్టు నగలు పెట్టుకుంటే చెవి దగ్గర, మెడ దగ్గర దురద, పుండు వచ్చేవారు ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పాలి. వారి విషయంలో ఇటువంటి పూత గురించి ఆలోచించడంలో అర్థముంది.

'మీ ఎముకలో కలిసిపోతుంది' అన్న మాట ఎక్కడిది మరి? మన దేశంలో మోకాలి మార్పిడుల్లో ఎక్కువ శాతం ఎముక సిమెంటుతోనే చేస్తాం. ఎముకకూ లోహానికీ మధ్య ఆ సిమెంటు పొర ఉంటుంది. ఎముక కణం తాకేది సిమెంటును. లోహం బంగారు రంగులో ఉన్నా వెండి రంగులో ఉన్నా ఆ కణం దాకా కబురే వెళ్లదు. గోడకు వేసిన ఖరీదైన రంగు పునాదికి తెలుస్తుందా? ఎముకవైపు ముఖానికి వేసే పూత వేరు, రాపిడి ముఖానికి వేసే పూత వేరు. ఒకదాని గుణం చూపి ఇంకోదాన్ని అమ్మడమే ఆ కాగితం చేసిన పని. రాసినవారికి తేడా తెలియదంటే నేను నమ్మను.

ఇంకో మాట. ఎముక గట్టిగా పట్టుకోవడం అన్నివేళలా మనకు కావలసింది కూడా కాదు. పిల్లవాడి ముంజేయి విరిగి ప్లేటు, స్క్రూలు వేస్తే ఏడాది తర్వాత కొన్నిసార్లు తీయవలసి వస్తుంది. టైటానియం స్క్రూలను ఎముక పట్టేసుకుంటే అవి తిప్పినా రావు, తలలు అరిగిపోతాయి. తీసేవాటికి లోహాన్ని బాగా నునుపు చేస్తే కణాల పట్టు తగ్గుతుందని స్విట్జర్లాండ్‌లో దావోస్ పరిశోధకులు చూపారు. దానికి భిన్నంగా, కాలి బయట నుంచి బిగించే చట్రం పిన్నులు నెలల తరబడి వదులు కాకుండా ఉండాలి. అక్కడ హైడ్రాక్సీఅపటైట్ పూత బాగా ఉపయోగపడుతుందని ఇటలీలోని బొలోన్యాలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. గుల్లబారిన ఎముకల్లో అయితే ఇంకా ఎక్కువ. ఆ పిన్నులకు నేను సంతోషంగా డబ్బు పెట్టిస్తాను.

మేస్త్రీలు వచ్చేలోపు దొంగలు చొరబడితే ఏ పూతా నిలవదు. 1987లో గ్రిస్టీనా అనే అమెరికన్ సర్జన్ ఈ సంగతిని లోహం ఉపరితలం కోసం జరిగే పరుగుపందెంగా వర్ణించాడు. ఒకవైపు మన కణాలు, మరోవైపు సూక్ష్మక్రిములు. ఎవరు ముందు చేరితే చోటు వారిదే. క్రిములు ముందు చేరితే జిగురు పొర కప్పుకుని కాపురం పెడతాయి, ఇక ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఇచ్చినా లోపలికి అందదు. కణాలకు నచ్చే గరుకుతనం క్రిములకూ నచ్చుతుంది, అదీ చిక్కు. వెండి పూతలు, యాంటీబయాటిక్ పూతలు వచ్చాయి. క్యాన్సర్ గడ్డ తీసి పెద్ద లోహపు ఎముక పెట్టినచోట వెండి పూత వాడుతున్నారు. కాని వెండి మోతాదు మించితే క్రిములతో పాటు ఎముక కణాలూ చస్తాయి.

ఆ పందెంలో మన కణాలు గెలవడానికి రోగి చేతుల్లో ఉన్నవి పూతకన్నా చవక. షుగరు ఆపరేషన్‌కు వారం ముందు కాదు, రెండు మూడు నెలల ముందు నుంచి అదుపులో ఉండాలి. కాలి పుండు, పుచ్చిపళ్లు, మూత్రంలో మంట ఉంటే ముందు అవి మానాలి. పొగ మానాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రక్తం అందని చోట మేస్త్రీ పని చేయడు. ఇక్కడ ఆడవాళ్లను కూడా అడగాలి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. చాలామంది డాక్టర్లు చీర కట్టుకున్నవారిని ఆ ప్రశ్న అడగనే అడగరు.

డబ్బు మాట చెప్పి ముగిస్తాను. 2017 ఆగస్టులో కేంద్రం కింద పనిచేసే జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. పన్ను కాకుండా మామూలు కోబాల్టు క్రోమియం కీలుకు 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం వంటి ప్రత్యేక లోహాల కీలుకు 76,600 రూపాయలు. ఈ ధరలు మారుతుంటాయి కనుక మీ ఆపరేషన్ నాటి ధర అడిగి తెలుసుకోండి. బిల్లులో కీలు ధర విడిగా రాయమనండి. ఎముకకు తగిలే ముఖానికి పూత ఉందా, సిమెంటు వేస్తారా, ఈ మోడలు ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది అని అడగండి. మన్నిక గురించి మాట్లాడినప్పుడు పళ్లెంలో కణాల ఫొటో చూపిస్తే, మనుషుల్లో పదేళ్ల లెక్క చూపించమనండి. కీలు పెట్టె మీద మోడలు, నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. వాటిలో ఒకటి మీ డిశ్చార్జి కాగితాల మీద అంటించాలి. రేపు ఏ మోడలు మీదైనా ఫిర్యాదు వస్తే మీ ఒంట్లో ఉన్నది ఏదో తెలిసేది దానివల్లే. ఇది అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకోవద్దని నేనంటే మా తోటివారికి నచ్చకపోవచ్చు.

లంక గ్రామం పెద్దావిడకు మేం మామూలు కోబాల్టు క్రోమియం కీలే సిమెంటుతో పెట్టాం. ముందు ఒక కాలికి, పదకొండు వారాల తర్వాత రెండో కాలికి. అంతకు ముందు షుగరు తగ్గించడానికి రెండున్నర నెలలు తిప్పాం. దానికి కూతురు బాగా విసుక్కుంది, ఆపరేషన్ చేయమని వస్తే తిండి మానమంటారేంటండీ అని. తోట అమ్మలేదు, కొంత అప్పు చేశారు. స్టిక్కర్లు రెండూ ఆమె ఫైలులో అంటించి ఉన్నాయి. క్రితం నెల పరీక్షకు కర్ర లేకుండా నడిచి వచ్చింది. వంగిన కాళ్లు తిన్నగా అయ్యేసరికి కాస్త పొడుగైనట్టుందని నర్సులు నవ్వారు. ఎక్స్‌రే చూసి అంతా బాగుందని చెప్పాను. బయటికి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, కూతురు వినకుండా గొంతు తగ్గించి అడిగింది.

"మరి చుట్ట ఎప్పట్నుంచి కాల్చుకోవచ్చు బాబూ?"